ఇనుము/ఆక్సిజన్ నిష్పత్తి 0.13 రావాల్సింది 0.6 వచ్చింది: సమాధానం

సూర్యుడి నుంచి వచ్చే కణాలను కొలిచే నాసా ఏస్ వ్యోమనౌక డేటాలో ఈవెంట్ (సౌర కణాల వెల్లువ) మొదటి ఆరు గంటలు తీసుకుంటే ఇనుము/ఆక్సిజన్ నిష్పత్తి మీకు 0.6 వచ్చింది, రోజుల తరబడి సాగే దీర్ఘ ఈవెంట్ల సగటేమో 0.13 అంటున్నారు. ముందు ఎనర్జీ కాలమ్ చూడండి. పోల్చాల్సింది మొత్తం శక్తి కాదు, కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కి, అంటే న్యూక్లియాన్‌కి ఎంతన్నది. న్యూక్లియాన్‌కి 12 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) అంటే ఆక్సిజన్‌కి మొత్తం 192, ఇనుముకి 672. చాలామంది తప్పేది ఇక్కడే.

అది సరిగ్గా ఉంటే అసలు అనుమానం మీరు తీసుకున్న మొదటి ఆరు గంటల మీద. ఇనుము ఎలక్ట్రాన్లన్నీ ఊడవు. ఆవేశం ఉజ్జాయింపుగా +14 అనుకుంటే ద్రవ్యరాశి/ఆవేశం 4. +7 ఉన్న ఆక్సిజన్‌కి 2.3. వేగం ఒకటే అయినా ఇనుము అయస్కాంత అలజడులకు తక్కువ చెదిరి ముందు చేరుతుంది, తర్వాత తగ్గిపోతుంది. కాబట్టి ఈవెంట్ మొత్తానికి రెండింటి ఫ్లూయెన్సులు (ప్రమాణ వైశాల్యం మీద పడిన మొత్తం కణాలు) విడిగా కూడి, అప్పుడు భాగించండి. గంటగంట నిష్పత్తులకు సగటు తీయొద్దు. ఆక్సిజన్ నాలుగైదు కణాలే పడిన గంట లెక్కనంతా లాగేస్తుంది.

అప్పటికీ నిష్పత్తి తగ్గకుండా 1 దరిదాపుల్లో ఉంటే లెక్క తప్పు కాకపోవచ్చు, అది ఇంపల్సివ్ ఈవెంట్ (సౌర జ్వాల దగ్గర పుట్టే చిన్న, స్వల్పకాలపు వెల్లువ) అయ్యుండొచ్చు. ఏస్ మీదే ఉన్న యూలీస్ (ULEIS) అనే పరికరం డేటాలో హీలియం-3/హీలియం-4 నిష్పత్తి తీయండి. సౌర పవనంలో 0.0004 ఉండే ఈ నిష్పత్తి 0.1 దాటితే ఇక సందేహం అక్కర్లేదు.