ట్రైనర్ విమానానికి గ్లో ఇంజిన్ మౌంట్ బిగించడం: డ్రిల్ పట్టుకునే ముందు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానం కోసం బాల్సా (తేలికైన చెక్క) ట్రైనర్ కిట్ (కొత్తగా నేర్చుకునేవాళ్ళది), 46 సైజు (దాదాపు 7.5 సీసీ) గ్లో ఇంజిన్ (మిథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్), దాన్ని పట్టి ఉంచే నైలాన్ మౌంట్ కొన్నారు. ఫైర్‌వాల్‌కి (ముక్కు దగ్గర మౌంట్ బిగించే ప్లైవుడ్ పలకకి) బెజ్జాలు లేవు. మౌంట్‌ని సరిగ్గా మధ్యలో పెట్టి చెక్క స్క్రూలు బిగిస్తే చాలా అని.

చాలదండీ. నా మొదటి విమానానికి నేను అలాగే చేశాను. మాది శ్రీకాకుళం. సంక్రాంతి తర్వాత కోత అయిపోయిన మళ్ళలో ఎగరేసేవాణ్ణి. మూడో రోజు ఇంజిన్ పక్కకి ఒరిగినట్టు అనిపించి దించేశాను. చూస్తే స్క్రూ వేలితో తిప్పితేనే ఊడి వచ్చేసింది. బెజ్జం చుట్టూ ప్లైవుడ్ నల్లబడి మెత్తగా అయిపోయింది, ముక్కు దగ్గర పెడితే ఆముదం వాసన. ఇంధనంలోని మిథనాల్, ఆముదం ఆ బెజ్జాల్లోంచి చెక్కలోకి దిగిపోయాయి. మిగతా పని ఇంజిన్ అదురు చేసింది.

అందుకే స్క్రూలు వద్దు. 4 మి.మీ. బోల్టులు, వెనక బ్లైండ్ నట్లు (చెక్కలో దిగి కదలకుండా ఉండే ముళ్ళ నట్లు) వాడండి. బోల్టు మరలకి కొంచెం వాజలైన్ రాసి, నట్టుని వెనక నుంచి లోపలికి లాగి, చుట్టూ అరాల్డైట్ పెట్టండి. వాజలైన్ ఉంటే జిగురు మరల్లోకి పోదు. ఫైర్‌వాల్ ముందు వైపు, బెజ్జాల లోపల కూడా ఎపాక్సీ పల్చగా పూయండి. ట్యాంకు లోపలికి వెళ్ళాక అక్కడ చెయ్యి పట్టదు, ఇదంతా ముందే అయిపోవాలి.

ఇక మౌంట్ ఎత్తు. దాన్ని ట్యాంకుని బట్టి నిర్ణయించాలి. ట్యాంకు మధ్య గీత కార్బురేటర్ నీడిల్‌కి (ఇంధనం ఎంత వెళ్ళాలో సర్దే మరకి) సమానంగా గానీ, ఒక 10 మి.మీ. లోపు కిందగా గానీ ఉండాలి. ట్యాంకు బాగా కిందకి ఉంటే ముక్కు పైకెత్తగానే ఇంధనం చాలక ఇంజిన్ ఆగిపోతుంది. ట్యాంకు చుట్టూ స్పాంజి పెట్టండి. చెక్కకి తగిలితే ఆ అదురుకి ఇంధనం నురగ కడుతుంది.

అడ్డంగా చూస్తే, సరిగ్గా మధ్యలో పెట్టడం కూడా తప్పే (ఇక్కడ కుడి, ఎడమ అంటే విమానం వెనక నుంచి చూసినప్పుడు). ప్రొపెల్లర్ తోసే గాలి మెలి తిరుగుతూ వెళ్ళి నిలువు తోక రెక్కని ఎడమ పక్క నుంచి కొడుతుంది, దాంతో ముక్కు ఎడమకి లాగుతుంది. దానికి విరుగుడుగా ఇంజిన్‌ని సుమారు 2 డిగ్రీలు కుడికి తిప్పుతారు. మీ ప్లాన్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఫైర్‌వాల్‌నే ఏటవాలుగా పెట్టే కిట్లూ ఉన్నాయి, అది ముందు చూసుకోండి. లేకపోతే ఎడమ బోల్టుల దగ్గర మౌంట్ వెనక వాషర్లు వేయాలి. బోల్టుల మధ్య 50 మి.మీ. దూరం ఉంటే 1.75 మి.మీ. మందం సరిపోతుంది. ఇలా తిప్పితే ప్రొపెల్లర్ కూడా కుడికి జరుగుతుంది. ఫైర్‌వాల్ నుంచి ప్రొపెల్లర్‌కి 110 మి.మీ. ఉంటే దాదాపు 4 మి.మీ. జరుగుతుంది. అంత మేర మౌంట్‌ని ఎడమకి పెట్టి గీత గీయండి, అప్పుడు స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందుండే మొన టోపీ) మధ్యలోకి వస్తుంది. నా రెండో విమానానికి ఈ లెక్క కట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. గాల్లోకి లేచాక రిమోట్ స్టిక్ వదిలేసినా తిన్నగా పోతుంటే అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

మౌంట్ మీద ఇంజిన్ బెజ్జాలు మాత్రం చేతి డ్రిల్‌తో వేయకండి. ముందు ఇంజిన్‌ని టేపుతో కట్టి, బ్యాటరీ, సర్వోలు (రెక్కల మీది పలకల్ని కదిపే చిన్న మోటార్లు) పెట్టి, బ్యాలెన్స్ చూసి, ముందుకో వెనక్కో జరిపి గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తులతో దగ్గర్లోని లేత్ షాపుకి తీసుకెళ్ళండి. నేను ఆమదాలవలసలో వేయించాను. స్టాండు డ్రిల్ మీద 3.3 మి.మీ. బిట్టుతో తిన్నగా వేసి, 4 మి.మీ. ట్యాప్ కొట్టిస్తే (బెజ్జం లోపల మరలు కోయిస్తే) బోల్టు గట్టిగా పడుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు నాగావళి ఇసుక వైపు వెళ్ళకండి, ఒక్క రేణువు కార్బురేటర్‌లోకి పోయినా పిస్టన్ గీసుకుపోతుంది. గట్టి నేల చూసుకోండి. ఇంజిన్ అందుకున్నాక ప్రొపెల్లర్ వెనక్కి వచ్చి నీడిల్ తిప్పండి, ముందు నుంచి చెయ్యి పెట్టకండి. ఒక ట్యాంకు అయ్యాక ఎలెన్ కీతో అన్ని బోల్టులూ మళ్ళీ బిగించి చూడండి, కొత్త మౌంట్‌లో ఒకటో రెండో తప్పకుండా కొంచెం తిరుగుతాయి.