పాఠకుల ప్రశ్నలు: జంతువులు లేకుండా విషపరీక్షలు

ప్రశ్న: మందులు, పురుగుమందులు, సౌందర్య సాధనాలు మనుషులకు హాని చేస్తాయేమో తెలుసుకోవడానికి ఇప్పటికీ ఎలుకలను, కుందేళ్లను వాడుతున్నారని చదివాను. వాటికి బదులు కణాల మీద పరీక్షిస్తే చాలని కొందరు, అలా చేస్తే మనుషుల ప్రాణాల మీదికి వస్తుందని మరికొందరు అంటున్నారు. ఏది నమ్మాలి? (ఒక జీవశాస్త్ర విద్యార్థిని)

జవాబు: హాని అనేది ఒక్కటే అయితే మీకు ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కానీ చర్మం పొక్కడం, కన్ను మసకబారడం, ఎలర్జీ రావడం, కాలేయం చెడిపోవడం, గర్భస్థ శిశువు అవయవాలు సరిగా ఏర్పడకపోవడం, ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్ బయటపడటం, ఇవన్నీ వేర్వేరు దారుల్లో జరుగుతాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో పరీక్షను వెతుక్కోవాలి. కొన్నింటికి అది దొరికింది. దొరికిన చోట ఇంకా జంతువును వాడటానికి శాస్త్రపరంగా ఏ సాకూ లేదని నా దృఢమైన అభిప్రాయం.

కంటి పరీక్షనే తీసుకోండి. 1944లో అమెరికా శాస్త్రవేత్త జాన్ డ్రైజ్, ఆయన సహచరులు ప్రచురించిన పద్ధతిలో తెల్లకుందేలు కింది రెప్పను లాగి, అక్కడ పదార్థాన్ని వేసి, రెండో కంటిని పోలిక కోసం వదిలేసి, ఆ తర్వాత రోజుల తరబడి కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర అయిన కార్నియా ఎంత మసకబారింది, కన్ను ఎంత ఎర్రబడింది, ఎంత వాచింది అని చూసి మార్కులు వేసేవారు. కుందేలు పడే బాధ ఒక ఎత్తు. ఇంతా చేసి వచ్చిన ఫలితమైనా నికరంగా ఉండేదా అంటే, ఒకే పదార్థానికి వేర్వేరు ప్రయోగశాలలు పొంతన లేని మార్కులు వేశాయని 1971లోనే తేలింది. పరీక్షా పద్ధతులకు అంతర్జాతీయ మార్గదర్శకాలు రూపొందించే ఓఈసీడీ సంస్థ, కబేళాలో ఎలాగూ పారేసే పశువుల కళ్ల నుంచి తీసిన కార్నియా మీద చేసే పరీక్షను 2009లోను, మానవ కణాలతో పెంచిన కార్నియా వంటి పొర మీద చేసే పరీక్షను 2015లోను ఆమోదించింది.

చర్మం విషయంలో పని ఇంకా చక్కగా కుదిరింది. దాతల అనుమతితో, శస్త్రచికిత్సల్లో తొలగించిన చర్మం నుంచి కణాలను వేరుచేసి, అడుగున సన్నని పొర ఉన్న చిన్న గిన్నెల్లో పెంచుతారు. కింద పోషక ద్రవం, పైన గాలి తగిలేలా ఉంచితే, కొన్ని రోజులకు ఆ కణాలు ఒకదానిపై ఒకటి పేరుకుని, మన చర్మానికి ఉన్నట్టే పైన గట్టి పొరను కూడా ఏర్పరుచుకుంటాయి. దాని మీద పరీక్షించాల్సిన పదార్థాన్ని కొద్దిసేపు ఉంచి, కడిగేసి, సుమారు రెండు రోజులు ఆగి, ఎంటీటీ అనే పసుపు రంగు రసాయనాన్ని అందిస్తారు. బతికున్న కణాలు మాత్రమే దాన్ని ఊదారంగులోకి మార్చగలవు కాబట్టి, ఆ రంగును కరిగించి యంత్రంలో కొలిస్తే ఎన్ని కణాలు బతికాయో తెలిసిపోతుంది. సగం లేదా అంతకంటే తక్కువ మిగిలితే ఆ పదార్థం చర్మానికి మంట పుట్టిస్తుందని లెక్క. చూసేవారి కంటి అంచనాతో ఇక్కడ పని లేదు.

ఎలర్జీని ఒకే పరీక్షతో పట్టుకోవడం సాధ్యం కాలేదు. పదార్థం ముందు చర్మంలోని ప్రొటీన్లకు అతుక్కోవాలి, తర్వాత చర్మకణాలు కలవరపడాలి, ఆపైన రోగనిరోధక కణాలు మేల్కోవాలి. ఈ మూడు మెట్లకూ మూడు వేర్వేరు పరీక్షలు తయారుచేసి, వాటి ఫలితాలను కలిపి తీర్పు చెప్పే విధానాన్ని ఓఈసీడీ 2021లో ఆమోదించింది. అంతకుముందు ఇదే తీర్పు కోసం గినీపందులనో చిట్టెలుకలనో వాడేవారు. ఒక పెద్ద ప్రశ్నను ఇలా ముక్కలుగా విడదీయడమే ఈ రంగంలో అసలైన ముందడుగని నేను భావిస్తాను.

ప్రశ్న: గిన్నెలో పెరిగిన కణాలకు గుండె, కాలేయం, రక్తప్రసరణ ఉండవు. ఎలుకకు కనీసం పూర్తి శరీరం ఉంటుంది కదా? (ఒక ఫార్మసీ అధ్యాపకుడు)

జవాబు: మీ సందేహం చాలా న్యాయమైనది. మింగిన మందును కాలేయం మరో పదార్థంగా మార్చవచ్చు, ఆ మారిన పదార్థమే విషం కావచ్చు. ఒంటరి చర్మకణానికి ఆ సంగతి తెలియదు. అయితే ఎలుకది పూర్తి శరీరమే అయినా మన శరీరం కాదు. 1993లో హెపటైటిస్ బి కోసం ఫియాలురిడీన్ అనే మందును 15 మందికి ఇస్తే ఏడుగురికి కాలేయం దెబ్బతింది, ఐదుగురు మరణించారు. జంతువుల్లో ముందుగా చేసిన పరీక్షలు ఈ ప్రమాదాన్ని పసిగట్టలేదు. ఆ మందును కణానికి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియా లోపలికి చేరవేసే ప్రొటీన్ మానవ మైటోకాండ్రియా పొరలో ఉంటుందని, చిట్టెలుకల్లో అక్కడ ఉండదని తర్వాత తెలిసింది. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ అనే మందు కూడా ఇలాంటి పాఠమే నేర్పింది. ఆ మందు మానవ శిశువుల చేతులు, కాళ్లు ఎదగకుండా చేసింది, కుందేలు పిల్లల్లోనూ అదే హాని కనిపించింది, ఎలుకల్లో మాత్రం కనిపించలేదు. అంటే ఏ జంతువును ఎంచుకున్నామనే దాని మీద జవాబు ఆధారపడింది.

ఈ లోటును పూడ్చడానికే అవయవాల చిప్‌లు వచ్చాయి. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ ఇంగ్బర్ బృందం ఊపిరితిత్తి చిప్‌ను ప్రకటించింది. పారదర్శకమైన చిన్న పలకలోని సన్నని కాలువల్లో, ఒక పొరకు ఒకవైపు ఊపిరితిత్తి కణాలు, రెండోవైపు రక్తనాళ కణాలు పెరుగుతాయి, శ్వాసకు తగ్గట్టు ఆ పొర సాగి ముడుచుకుంటుంది. 2022లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 870 కాలేయ చిప్‌ల మీద 27 మందులను పరీక్షిస్తే, కాలేయాన్ని దెబ్బతీసేవాటిలో 87 శాతాన్ని అవి గుర్తించాయి, హాని చేయని ఏ మందునూ తప్పుపట్టలేదు. ఆ చిప్‌లను తయారుచేసే సంస్థే ఆ పరిశోధన జరిపిందని, 27 మందులు పెద్ద సంఖ్య కాదని గుర్తుంచుకుంటూనే, నేను దీన్ని గట్టి ఫలితంగా పరిగణిస్తున్నాను. గర్భస్థ శిశువు ఎదుగుదల, తరాల మీద ప్రభావం, తక్కువ మోతాదులో ఏళ్ల తరబడి శరీరంలో చేరే పదార్థాలు, ఈ విషయాల్లో మాత్రం జంతువును పూర్తిగా పక్కనపెట్టగల పరీక్ష నేటికీ లేదు. ఉందని చెప్పడం రోగులకూ మంచిది కాదు, జంతు పరీక్షలు ఆపాలన్న ఉద్యమానికీ మంచిది కాదు.

ప్రశ్న: కణాలను పెంచే ద్రవంలోనూ దూడల రక్తం కలుపుతారట, నిజమేనా? చట్టాలేమైనా మారాయా? (ఒక పాఠకురాలు)

జవాబు: నిజమే. చూడి ఆవులను వధించినప్పుడు గర్భంలోని దూడ రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవమైన సీరంను ఇప్పటికీ చాలా ప్రయోగశాలలు వాడుతున్నాయి. జంతువులను వాడని పరీక్ష అని పేరు పెట్టుకుని దీన్ని కొనసాగించడం తగదు. పైగా ఒక్కో విడత సీరం ఒక్కో రకంగా ఉండి ఫలితాలను తారుమారు చేస్తుంది. కూర్పు కచ్చితంగా తెలిసిన, సీరం లేని ద్రవాలు ఎన్నో రకాల కణాలకు అందుబాటులో ఉన్నాయి కాబట్టి, పరిశోధకులు వాటికి మారాలని నేను కోరుతున్నాను.

చట్టాల విషయానికొస్తే, జంతువుల మీద పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకంపై యూరోపియన్ యూనియన్ నిషేధం 2013 మార్చి 11 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. కొత్త మందును మనుషులకు ఇచ్చే ముందు జంతువులపై పరీక్షించి తీరాలన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో తొలగించింది. అది జంతు పరీక్షల మీద నిషేధం కాదు, ఇతర పద్ధతుల ఆధారాలనూ సమర్పించే వీలు మాత్రమే. ఆ వీలును కంపెనీలు నిజంగా ఉపయోగించుకోవాలంటే, కొత్త పద్ధతిలో వచ్చిన ఫలితాలను చదివి తీర్పు చెప్పగలిగే నిపుణులు అనుమతులిచ్చే కార్యాలయాల్లో ఉండాలి. ఇప్పుడు అన్నిటికంటే ముందుగా జరగాల్సిన పని అదే.