ట్రైలర్ తగిలిస్తే టోల్ మూడింతలు: ఐ-35లో వెళ్లాలా, 130 ఎక్కాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొన్నాం. పికప్‌కు తగిలించుకుని ఏడాదికి నాలుగైదుసార్లు సాన్ ఆంటోనియో వైపు వెళ్లొస్తుంటాం. ఆస్టిన్ ట్రాఫిక్‌కు భయపడి మొన్న స్టేట్ హైవే 130 ఎక్కితే, మ్యాప్ చూపించినదానికి మూడింతలు టోల్ పడింది. విజయవాడ నుంచి వచ్చి మా దగ్గరుంటున్న నాన్నగారు "పక్కన ఫ్రీ రోడ్డు పెట్టుకుని డబ్బులు పోయడమేంట్రా" అంటున్నారు. మా ఆవిడేమో ఇద్దరు పిల్లలతో ఐ-35లో గంటలు గంటలు ఇరుక్కోవడం తన వల్ల కాదంటోంది. ట్రైలర్ మీద ఇంకా 32,000 డాలర్ల లోన్ ఉంది, వడ్డీ 9 శాతం, 15 ఏళ్లు కట్టాలి. టోల్ మానేసి ఆ డబ్బు లోన్‌కు కట్టడం మంచిదా?

జవాబు: ముందు మీ ఇంట్లో పంచాయితీ తీర్చేస్తాను. శనివారం పొద్దున్నే ఆస్టిన్ దాటేటట్టయితే మీ నాన్నగారి మాట వినండి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆస్టిన్ పొలిమేరకు చేరేటట్టయితే మీ ఆవిడ మాట వినండి. ఇద్దరూ సరిగ్గానే చెప్తున్నారు, కాకపోతే ఎవరి మనసులో ఉన్న రోజు వారిది.

టోల్ మూడింతలు ఎందుకైందో చూద్దాం. టెక్సస్ టోల్ రోడ్ల మీద లెక్క యాక్సిళ్లను (చక్రాల ఇరుసులను) బట్టి ఉంటుంది. మొత్తం యాక్సిళ్లలోంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని కారు రేటుతో గుణిస్తారు. కారుకు రెండు యాక్సిళ్లు, ఒకటి తీసేస్తే ఒకటి, అంటే మామూలు రేటు. మీ పికప్‌కు రెండు, వెనక ట్రైలర్‌కు రెండు, మొత్తం నాలుగు. ఒకటి తీసేస్తే మూడు. అందుకే మూడింతలు. ఇందులో తమాషా ఏమిటంటే, మీ ట్రైలర్ కంటే బరువైన మోటర్‌హోమ్ రెండు యాక్సిళ్లదైతే కారు కట్టినంతే కట్టి వెళ్లిపోతుంది. అదే మోటర్‌హోమ్ వెనక చిన్న కారు లాక్కెళ్తే దానికీ మూడింతలే. ఫోన్‌లో మ్యాప్ చూపించే టోల్ కారుకు సంబంధించినది, వెనక మీరు ఇంకో ఇల్లు ఈడ్చుకెళ్తున్నారని దానికి తెలియదు.

ఇదే లెక్క మీ ఊళ్లో డాలస్ నార్త్ టోల్‌వే మీదా, 121 టోల్ రోడ్డు మీదా నడుస్తుంది. ఆఫీసుకు వెళ్లేటప్పటి అలవాటు కొద్దీ ట్రైలర్‌తో కూడా టోల్‌వే ఎక్కేస్తున్నారేమో చూసుకోండి. ఊరు దాటే వరకు ఐ-35ఈ ఫ్రీగానే ఉంది.

ఇక అసలు సంగతి. చాలామంది టోల్ రోడ్డంటే దగ్గరి దారి అనుకుంటారు. 130 దగ్గరి దారి కాదు. జార్జ్‌టౌన్ దగ్గర ఐ-35ని వదిలి, ఆస్టిన్‌కు తూర్పుగా చుట్టి, లాక్‌హార్ట్ మీదుగా సెగీన్ దగ్గర ఐ-10లో కలుస్తుంది. ఆ రోడ్డే దాదాపు 90 మైళ్లు. అక్కడి నుంచి సాన్ ఆంటోనియో డౌన్‌టౌన్‌కు ఇంకో 37 మైళ్లు వేసుకోండి. అదే జార్జ్‌టౌన్ నుంచి ఐ-35లో తిన్నగా వెళ్తే సుమారు 108 మైళ్లు. అంటే డబ్బు కట్టి మరీ ఇరవై మైళ్లు ఎక్కువ తిరుగుతున్నారు. ట్రైలర్‌తో గంటకు 62 మైళ్ల వేగం అనుకుంటే, ట్రాఫిక్ లేని రోజున 130లో వెళ్తే ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరతారు.

ఆ ఇరవై మైళ్లు కూడా ఊరికే రావు. ట్రైలర్ లాగుతున్నప్పుడు మీ పికప్ గ్యాలన్‌కు పది మైళ్లు ఇస్తే అదే ఎక్కువ. గ్యాలన్ గ్యాస్ (పెట్రోలు) 2.80 డాలర్లు అనుకుంటే మైలుకు 28 సెంట్లు, టైర్లు, బ్రేకులు, ఆయిల్ అరుగుదల కలిపి 40 సెంట్లు వేసుకుందాం. ఇరవై మైళ్లకు 8 డాలర్లు. టోల్ రేట్లు మారుతుంటాయి కాబట్టి, మొత్తం 130కి కారు టోల్ 20 డాలర్లని లెక్క కోసం అనుకుందాం. మీ టోల్‌ట్యాగ్ స్టేట్‌మెంట్‌లో అసలు అంకె ఉంటుంది, అది పెట్టుకుని మళ్లీ వేసుకోండి. ట్రైలర్‌కు 60, పైన 8, మొత్తం 68 డాలర్లు. ఒకవైపుకు మాత్రమే.

ఇంత కట్టి మీరు కొనుక్కుంటున్నది ఆస్టిన్ ఊరి మధ్యలోంచి వెళ్లక్కర్లేకపోవడం, అంతే. మిగతా 130 అంతా అదనం. అందుకే నేను చెప్పేది, అక్కర ఉన్న ముక్క మాత్రమే కొనుక్కోండి. జార్జ్‌టౌన్ దగ్గర 130 ఎక్కి, ఆస్టిన్ దాటాక మస్టాంగ్ రిడ్జ్ దగ్గర స్టేట్ హైవే 45 సౌత్‌ఈస్ట్‌లోకి తిరిగితే బ్యూడా దగ్గర మళ్లీ ఐ-35లో కలుస్తారు. ఆ చిన్న ముక్కకూ టోల్ ఉంది. దాంతో కలిపి కారుకు 10 డాలర్లనుకుంటే మీకు 30. చుట్టు తిరిగేది పద్నాలుగు మైళ్లే, దానికి 6 డాలర్ల లోపు. మొత్తం 36 డాలర్లు, పద్నాలుగు నిమిషాల అదనపు డ్రైవింగ్.

ఇప్పుడు ఐ-35లో ఆలస్యం ఎంతుందో మ్యాప్‌లో చూడండి. ఆస్టిన్ దాటడానికి మామూలు కన్నా 50 నిమిషాలు ఎక్కువ పడుతుందంటే, చుట్టు తిరిగే పద్నాలుగు పోగా మీకు మిగిలేవి 36 నిమిషాలు. 36 డాలర్లకు 36 నిమిషాలు, నిమిషానికి డాలరు. అయిదుగురు ఉన్న బండికి, అందులో ఇద్దరు చిన్నపిల్లలు, ఒక పెద్దాయన ఉన్నప్పుడు నేనైతే ఆ రేటుకు కళ్లు మూసుకుని కడతాను. ఆలస్యం పావుగంటే అయితే టోల్ కట్టి మీరు సంపాదించేది ఒక్క నిమిషం. మధ్యలో ఎక్కడ గీత గీసుకోవాలో ఇంట్లో కూర్చుని ఇద్దరూ ముందే తేల్చుకోండి. స్టీరింగ్ ముందు కూర్చుని, జార్జ్‌టౌన్ ఎగ్జిట్ అర మైలు ఉందనగా ఈ చర్చ పెట్టుకుంటే డబ్బూ పోతుంది, మూడ్ కూడా పోతుంది.

నిజానికి నిర్ణయం ఆ ఎగ్జిట్ దగ్గర జరగదు, ఫ్రిస్కోలో బయల్దేరే వేళకే జరిగిపోతుంది. మీ ఇంటి నుంచి జార్జ్‌టౌన్ సుమారు 190 మైళ్లు. ట్రైలర్‌తో, మధ్యలో వేకోలోనో టెంపుల్‌లోనో ఒకసారి ఆగితే మూడున్నర గంటలు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆఫీసు ఎగ్గొట్టి హుషారుగా బయల్దేరితే సరిగ్గా నాలుగింటికి ఆస్టిన్ ట్రాఫిక్ నోట్లో పడతారు. అదే నిదానంగా సాయంత్రం బయల్దేరితే ఆస్టిన్ వచ్చేసరికి ఊరు ఖాళీ అయ్యుంటుంది. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి లేవగలిగితే మరీ మంచిది. పెద్దాయన ఎలాగూ ఆ వేళకు లేచే ఉంటారు, కాఫీ కూడా పెట్టి పెడతారు.

అయితే మీ ఆవిడ మాటలో డబ్బు లెక్కకు అందనిది కూడా ఒకటుంది. ఆస్టిన్ డౌన్‌టౌన్‌లో ఐ-35 విస్తరణ పనులు 2024లో మొదలయ్యాయి, ఇంకా ఏళ్ల తరబడి సాగుతాయి. ఇరుకైన లేన్లు, పక్కన కాంక్రీట్ గోడలు, ఇంకో పక్క పెద్ద ట్రక్కులు. ఎనిమిదడుగుల వెడల్పు ట్రైలర్‌తో అందులో దూరడం టెన్షన్. ఒక్కసారి పక్క గీసుకుపోతే ఇన్సూరెన్స్ డిడక్టిబుల్‌కే (మన జేబులోంచి కట్టాల్సిన వాటాకే) పదిహేను ఇరవై టోళ్ల డబ్బు ఎగిరిపోతుంది. డ్రైవింగ్ మీద ధీమా లేని రోజున, వాన పడుతున్న రోజున, లెక్కలు పక్కన పెట్టి 130 ఎక్కేయండి.

ఎక్కాక మాత్రం వేగానికి ఆశపడకండి. 130 దక్షిణ భాగంలో స్పీడ్ లిమిట్ 85 మైళ్లు, దేశంలో అంతకన్నా ఎక్కువ ఎక్కడా లేదు. ఆ బోర్డు మీలాంటి బండి కోసం పెట్టింది కాదు. ట్రైలర్ టైర్లలో చాలావాటికి 65 మైళ్లే పరిమితి, టైరు పక్కన రాసిన రేటింగ్ చూసుకోండి. 75లో వెళ్తే గ్యాలన్‌కు పది మైళ్లు కాస్తా ఎనిమిదికి దిగుతుంది, 127 మైళ్లలో 9 డాలర్ల గ్యాస్ గాలికి పోతుంది. ఇంకో మాట, ఆ దక్షిణ భాగంలో బంకులు తక్కువ, జార్జ్‌టౌన్ రాకముందే ట్యాంకు నింపుకోండి. రాత్రిపూట అటు వెళ్లకపోవడమే మంచిది. 2012లో ఆ భాగం తెరిచిన మొదటి రాత్రే కార్లు అడవిపందులను గుద్దుకున్న వార్తలు వచ్చాయి.

టోల్‌ట్యాగ్ సంగతి. మీ డాలస్ ట్యాగ్ 130 మీద కూడా పనిచేస్తుంది. ట్యాగ్ చదవకపోతే నంబర్ ప్లేట్ ఫొటో తీసి ఇంటికి బిల్లు పంపుతారు, అందులో రేటు మూడో వంతు ఎక్కువ. మీ పికప్ వెనక ప్లేటుకు ట్రైలర్ అడ్డమొస్తుంది కాబట్టి కెమెరాకు దొరికేది ట్రైలర్ ప్లేటే. అందుకని ట్రైలర్ నంబర్ కూడా మీ అకౌంట్‌లో చేర్చండి. ఆర్‌వీ (మోటర్‌హోమ్, ట్రావెల్ ట్రైలర్ లాంటివి) అద్దెకు తీసుకునే పాఠకులు ఒప్పందంలో టోల్ గురించి రాసింది చదవండి. టోల్‌కు తోడు కంపెనీ వేసే సర్వీస్ చార్జీ ఒక్కోసారి టోల్‌నే మించిపోతుంది. పైగా అద్దె బండికి మైలుకింత అని కూడా ఉంటే, ఫ్రీ రోడ్డు కోసం చుట్టు తిరిగే ప్రతి మైలూ ఖర్చే.

మిగతా రాష్ట్రాల వాళ్లు ఈ లెక్కను మక్కీకి మక్కీ దించుకోవద్దు. ఒహాయో టర్న్‌పైక్‌లో (అక్కడి టోల్ రోడ్డులో) యాక్సిళ్లతో పాటు బండి ఎత్తు కూడా చూస్తారు, ఏడున్నర అడుగులు దాటితే పై తరగతి. పెన్సిల్వేనియాలో టర్న్‌పైక్ ఖరీదు ఎక్కువ, కానీ ఉత్తరాన ఐ-80, న్యూజెర్సీ వైపు నుంచి వచ్చేటప్పుడు డెలావేర్ నది వంతెన టోల్ తప్ప, ఆ రాష్ట్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఫ్రీ. న్యూజెర్సీ నుంచి షికాగో వైపు వెళ్లేవాళ్లకు అదే మంచి దారి. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లకు మాత్రం అది బాగా చుట్టు.

ఇక లోన్. ఇక్కడ మీ నాన్నగారికి మార్కులు వేయాలి. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల్లో కట్టీ కట్టీ వచ్చిన మనిషికి పక్కనే ఫ్రీ రోడ్డు కనిపిస్తే అలాగే అనిపిస్తుంది. మీ లోన్‌కు నెల వాయిదా సుమారు 325 డాలర్లు, 15 ఏళ్లలో కట్టేది 58,400 పైచిలుకు. అంటే వడ్డీయే 26,000 దాటుతుంది. ఏడాదికి అయిదు ట్రిప్పులు, రానూపోనూ ప్రతిసారీ పూర్తి 130 ఎక్కితే 680 డాలర్లు. వేళ చూసుకుని వెళ్తూ, తప్పనిసరైన నాలుగుసార్లు మాత్రం సగం 130 ఎక్కితే 150 లోపే. మిగిలేది నెలకు 40 డాలర్ల పైమాటే. ఆ 40 ప్రతి నెలా వాయిదాకు కలిపితే లోన్ 12 ఏళ్లలో తీరిపోతుంది, దాదాపు 6,000 డాలర్ల వడ్డీ మిగులుతుంది. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే మాత్రం ముందు అది తీర్చండి, 9 శాతం కన్నా అదే ఎక్కువ తింటుంది.

ట్రైలర్‌లో పడక, వంటగది, టాయిలెట్ ఉంటే దాన్ని రెండో ఇల్లుగా చూపించి లోన్ వడ్డీకి ట్యాక్స్ మినహాయింపు తీసుకోవచ్చని ఎవరైనా చెప్పి ఉంటారు. నిజమే, కానీ ఐటమైజ్ చేసేవాళ్లకే (ట్యాక్స్ రిటర్న్‌లో ఖర్చులు ఒక్కొక్కటిగా చూపించేవాళ్లకే). అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటుంటే దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు, కాబట్టి వడ్డీ కడుతూ కూర్చోవడానికి దాన్ని సాకుగా పెట్టుకోకండి.

అదనంగా కట్టేముందు లోన్ కంపెనీకి ఫోన్ చేసి, ముందుగా తీరిస్తే పెనాల్టీ ఏమైనా ఉందా అని అడగండి. పెనాల్టీ లేదని చెబితే ఆ 40 డాలర్లు అసలుకే జమ కట్టమని వెబ్‌సైట్‌లో ఆప్షన్ ఎంచుకోండి, లేకపోతే వచ్చే నెల వాయిదాలో వేసేసుకుంటారు.