నష్టాల్లో ఉన్న బేస్‌బాల్ టీమ్‌ని ఎత్తేస్తే పోలా? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, 2001లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్ళు నష్టాల్లో ఉన్న రెండు టీమ్‌లని ఏకంగా ఎత్తేద్దామనుకున్నారట. నాకైతే అందులో తప్పేం కనపడలేదు. నడవని వ్యాపారం మూసేస్తాం కదా, టీమ్ అయితే ఏంటి?

జవాబు: అప్పుడు కూడా చాలామంది ఇదే మాట అన్నారండీ, కానీ కాస్త లోపలికెళ్ళి చూడండి. ఆ ఏడాది నవంబర్ 4న వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, అయిపోయింది, ఏడో గేమ్‌లో అరిజోనా వాళ్ళు న్యూయార్క్ యాంకీస్‌ని ఓడించారు, జనం ఇంకా ఆ మ్యాచ్ గురించే మాట్లాడుకుంటున్నారు, సరిగ్గా రెండ్రోజులకి ఓనర్లంతా కూర్చుని 28-2 ఓట్లతో రెండు టీమ్‌లు తగ్గించేద్దామని తేల్చేశారు. పేర్లు చెప్పలేదు గానీ కెనడాలోని మాంట్రియల్ ఎక్స్‌పోస్, అమెరికాలోని మిన్నెసోటా ట్విన్స్ అని అందరికీ అర్థమైపోయింది. ఆ మర్నాడే ప్లేయర్ల యూనియన్‌తో ఒప్పందం గడువు ముగుస్తోంది. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను. రెండు టీమ్‌లు పోతే అంతమంది ప్లేయర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి యూనియన్ మెత్తబడుతుంది, కొత్త స్టేడియం కట్టివ్వమంటే బెట్టు చేస్తున్న ఊళ్ళు కూడా భయపడతాయి.

ఇక వ్యాపారం సంగతి. యాంకీస్‌కి ఆ ఏడాది లోకల్ టీవీ, రేడియో మీద వచ్చింది 5 కోట్ల 67 లక్షల డాలర్లు, ఎక్స్‌పోస్‌కి వచ్చింది 5 లక్షల 36 వేలు. కోట్లు ఎక్కడ, లక్షలు ఎక్కడ! ఈ లెక్క ఎవరో గిట్టనివాళ్ళు చెప్పింది కాదు, లీగ్ అధిపతి అయిన కమిషనర్ బడ్ సెలిగ్ స్వయంగా డిసెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ ముందు పెట్టింది. మామూలు వ్యాపారంలో పక్కవాడు మూసేస్తే మనకి లాభం, ఇక్కడ ఎదుటి టీమ్ రాకపోతే యాంకీస్‌కి ఆటే లేదు, మరి ఇద్దరూ కలిసి ఆడిన మ్యాచ్ టీవీ డబ్బులో సింహభాగం ఒకళ్ళే పట్టుకెళ్ళి, రెండోవాళ్ళని చూపించి "వీళ్ళు బతకలేకపోతున్నారు" అంటే ఎలాగండీ. లీగ్ మొత్తానికి 51.9 కోట్ల డాలర్ల నష్టమని కూడా సెలిగ్ చెప్పాడు, ఫోర్బ్స్ పత్రిక మాత్రం ఆ లెక్క ఒప్పుకోలేదు, లాభాలే ఉన్నాయంది. టీమ్, టీవీ చానెల్ రెండూ ఒకే ఓనర్ చేతిలో ఉంటే డబ్బు ఏ పుస్తకంలో చూపించాలో అతనిష్టం, అందుకే నష్టం అనగానే నేను తలూపను.

లీగ్ తనంతట తాను వేసుకున్న నిపుణుల కమిటీ, అందులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మాజీ ఛైర్మన్ పాల్ వోల్కర్ కూడా ఉన్నాడు, 2000లోనే చెప్పింది, ఆదాయం ఇంకాస్త పంచుకోండి, మేం చెప్పినవి అమలు చేస్తే ఇప్పట్లో టీమ్‌లు తగ్గించే అవసరం రాదు అని. ఏడాదిన్నర కూడా తిరక్కుండా ఇదీ చేసిన పని.

ప్రశ్న: మరి ట్విన్స్ ఎలా బతికిపోయింది? కోర్టు ఆపిందంటారు, ఓనర్ నాకొద్దు అంటున్న టీమ్‌ని ఆడమని కోర్టు ఎలా చెప్తుంది?

జవాబు: లీజు వల్ల. ట్విన్స్ అప్పుడు ఆడిన మెట్రోడోమ్ స్టేడియం ప్రభుత్వ కమిషన్‌ది, 2002 సీజన్ అక్కడే ఆడతామని ట్విన్స్ ఒప్పుకుని ఉంది, కమిషన్ కోర్టుకెళ్ళింది, జడ్జి హ్యారీ క్రంప్ నవంబర్ 16న ఆర్డర్ ఇచ్చేశాడు, ఆడి తీరాల్సిందే అని. ఆ ఆర్డర్ నాకు చాలా ఇష్టం. డబ్బు కట్టేసి వెళ్ళిపోతే కుదరదు, ఈ ఒప్పందంలో కమిషన్‌కి, ఊరికి దక్కేది ఆటే, అది పోతే డబ్బుతో పూడ్చలేం అన్నాడు. హార్మన్ కిల్లెబ్రూ, కర్బీ పకెట్ లాంటి ట్విన్స్ పాత స్టార్ల పేర్లు కూడా రాశాడు. పై కోర్టుల్లో కూడా లీగ్ మాట చెల్లలేదు.

ట్విన్స్ ఓనర్ కార్ల్ పోలాడ్ పెద్ద బ్యాంకర్, టీమ్ ఎత్తేస్తే మిగతా ఓనర్లు అతనికి పరిహారం ఇచ్చేలా ఆలోచన. అప్పట్లో సెలిగ్ కుటుంబానికి ఉన్న మిల్వాకీ టీమ్ పక్క రాష్ట్రంలోనే ఉండేది, పైగా 1995లో మిల్వాకీ టీమ్ పోలాడ్‌కి చెందిన సంస్థ దగ్గర 30 లక్షల డాలర్లు అప్పు తీసుకుందని తర్వాత బయటపడింది.

ఆడి ఏం చేశారో చూడండి. ఎత్తేయాలనుకున్న ఆ టీమ్ 2002లో 94 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ ఛాంపియన్ అయింది, సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీల్లో, అంటే ప్లేఆఫ్స్‌లో, ఓక్లాండ్‌ని ఓడించింది. ఆ ఆగస్టులోనే యూనియన్‌తో కొత్త ఒప్పందం కుదిరింది, 2006 దాకా ఏ టీమ్‌నీ ఎత్తేయకూడదని అందులో రాసుకున్నారు, ఆదాయం పంచుకోవడం కూడా పెంచారు. అంటే దారి ముందునుంచీ ఉంది!

ప్రశ్న: ట్విన్స్ సంగతి సరే గురువుగారూ. ఎక్స్‌పోస్‌కి 2001లో సీజన్ మొత్తం కలిపినా ఆరున్నర లక్షల మంది రాలేదు. జనానికే అక్కర్లేని టీమ్ ఎందుకు?

జవాబు: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. 1994లో ఆగస్టు 12న ప్లేయర్ల సమ్మె మొదలయ్యేనాటికి ఎక్స్‌పోస్ 74 గెలుపులు, 40 ఓటములతో మొత్తం లీగ్‌లో టాప్, ఆ ఏడాది వరల్డ్ సిరీసే రద్దయిపోయింది, తర్వాతి సీజన్‌కి స్టార్ ప్లేయర్లు లారీ వాకర్, గ్రిసమ్, వెటెలాండ్, కెన్ హిల్ నలుగురూ టీమ్‌లో లేరు, ఖర్చు తగ్గించుకోవాలని వదిలేశారు. 2000లో అయితే ఇంగ్లీష్‌లో రేడియో, టీవీ ప్రసారమే లేదు. ఇన్ని చేశాక జనం రాలేదని జనాన్నే అంటే ఎలా.

2002లో పాత ఓనర్ లోరియా ఫ్లోరిడా టీమ్ కొనుక్కుని ప్లేయర్ల ఆటని అంచనా వేసి రాసుకున్న స్కౌటింగ్ రిపోర్టులతో సహా వెళ్ళిపోయాడు, ఎక్స్‌పోస్‌ని 12 కోట్ల డాలర్లకి లీగే కొనేసింది, అంటే పోటీలో ఉన్న మిగతా 29 టీమ్‌ల ఓనర్లే వీళ్ళకి ఓనర్లు. ఎలాగూ టీమ్ ఉండదేమో అన్న ఆలోచనతో ఆ జూన్‌లో పిచ్చర్ బార్టోలో కొలోన్ కోసం క్లిఫ్ లీ, గ్రేడీ సైజ్‌మోర్, బ్రాండన్ ఫిలిప్స్‌ని ఇచ్చేశారు, ముగ్గురూ తర్వాత స్టార్లయ్యారు, లీకి 2008లో ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డ్ వచ్చింది. ఎత్తేస్తాం అనే బెదిరింపు ఎత్తేయకముందే టీమ్‌ని ఎలా తినేస్తుందో ఇంతకంటే ఏం చెప్పాలి. 2003లో ఆగస్టు చివర్లో కూడా వైల్డ్ కార్డ్ రేసులో, అంటే డివిజన్ గెలవకపోయినా ప్లేఆఫ్స్‌కి వెళ్ళే చోటు కోసం పోటీలో ఉన్నారు, సెప్టెంబర్‌లో ప్రతి టీమూ కింది స్థాయి టీమ్‌ల నుంచి కుర్రాళ్ళని పైకి తెచ్చుకునేది, వీళ్ళకి మాత్రం డబ్బు లేదని లీగ్ ఒప్పుకోలేదు. సొంతూళ్ళో ఆడాల్సిన మ్యాచ్‌లు 22 దూరాన ఉన్న ప్యూర్టో రికో దీవిలో ఆడించారు. అయినా 83 గెలిచారు. 2004 సెప్టెంబర్ 29న టీమ్ వాషింగ్టన్ వెళ్తోందని ప్రకటన, ఆ రాత్రే మాంట్రియల్‌లో ఆఖరి మ్యాచ్, 31 వేలమందికి పైగా వచ్చారు. 12 కోట్లకి కొన్న టీమ్‌ని 2006లో లీగ్ 45 కోట్లకి అమ్ముకుంది.

ప్రశ్న: ఇలాంటిది వేరే దేశంలో జరిగిందా?

జవాబు: జపాన్‌లో, 2004లో. కింటెట్సు టీమ్ నష్టాల్లో ఉందని ఓరిక్స్ అనే ఇంకో టీమ్‌తో కలిపేస్తామన్నారు, లైవ్‌డోర్ అనే కంపెనీ మేం కొంటామని ముందుకొస్తే ఓనర్లు కాదన్నారు. యూనియన్ లీడర్ ఫురుటా, ఆయన అప్పటికి ఆడుతున్న క్యాచర్ కూడా, ప్లేయర్లందర్నీ సెప్టెంబర్‌లో రెండ్రోజులు సమ్మె చేయించాడు, జపాన్ ప్రో బేస్‌బాల్ చరిత్రలో అదే మొదటి సమ్మె, అభిమానులు ప్లేయర్ల పక్షానే నిలబడ్డారు. కింటెట్సు పోవడం మాత్రం ఆగలేదు, అది నిజంగా నష్టమే. కానీ కొత్త టీమ్‌ని చేర్చుకోవడానికి ఓనర్లు దిగొచ్చారు, సెండాయ్ నగరంలో పెడతామని లైవ్‌డోర్, రాకుటెన్ అనే ఇంకో కంపెనీ రెండూ పోటీపడ్డాయి, రాకుటెన్‌కి దక్కింది, 2013లో ఆ టీమ్ జపాన్ సిరీస్ కూడా గెలిచింది. కొనేవాళ్ళు లేక కాదండీ, అమ్మడానికి వీళ్ళకి మనసు లేక.