దేశాల హద్దులు దాటిన సముద్రంలో వ్యాపారం ఆపకుండా అక్కడి జీవుల్ని కాపాడటం అయ్యే పనేనా?

అయితది. కానీ నడిసముద్రంల కాదు, రేవుల అయితది. పదకొండేళ్లు ఓడల్ల ఇంజినీరుగా చేసి ఇప్పుడు ఉప్పల్‌ల ఇంటిపట్టున ఉన్నోణ్ని, అందుకే ఇంత ధైర్యంగ చెప్తున్న.

"హైదరాబాదోనికి సముద్రంతోటి ఏం పనిరా" అని మా బాబాయి ప్రతి పెళ్లిల జోకేస్తడు. బాబాయ్, సునామీ హెచ్చరిక పోయేదే మన ప్రగతినగర్‌ల ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచి, నువ్వు ఎయిర్‌పోర్టుకు పోయేటప్పుడు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన కనవడే చేప ఆకారం బిల్డింగు మత్స్యాభివృద్ధి బోర్డుది అంటే వినడు. సరే, అసలు ముచ్చట.

నేను ఫోర్త్ ఇంజినీరుగా ఉన్నప్పటి సంగతి, హిందూ మహాసముద్రంల. ఇంజిన్ రూమ్ అడుగున నూనె కలిసిన నీళ్లు చేరుతనే ఉంటయ్, బిల్జ్ అంటం. సెపరేటర్‌ల వడగట్టి, పది లక్షల పాళ్లకు నూనె 15 పాళ్లు మించకుంటేనే బయటికి వదలాలె, ఓడల కాలుష్యం మీద దేశాలన్నీ చేసుకున్న మార్పోల్ ఒప్పందం రూలు అది. మా సెపరేటర్ ఆర్నెల్ల సంది మొరాయిస్తుంది, ఫిల్టర్లు పంపుండ్రి అని మెయిల్ మీద మెయిల్ కొడితే ఆఫీసోళ్లు "వచ్చే పోర్టుల" అంటరు, ఆ వచ్చే పోర్టు ఎన్నటికీ రాదు. ట్యాంకు నిండింది. రాత్రి రెండింటికి సెకండ్ ఇంజినీర్ నన్ను లేపి టార్చ్ పట్టుకొమ్మన్నడు. రెండు ఫ్లాంజుల (పైపుల కొసలకుండే బోల్టుల చక్రాలు) నడుమ ఒక పైపు ముక్క బిగించిండు, నీళ్లు సెపరేటర్ ముఖం చూడకుండ సీదా సముద్రంలకు. మ్యాజిక్ పైప్ అంటరు దాన్ని. సార్ ఇది తప్పు కదా అంటే "ఇక్కడ ఎవడు చూస్తడు బే" అన్నడు. నేను టార్చ్ పట్టుకునే ఉన్న. తెల్లారి చూస్తే, నూనె నీళ్ల లెక్క రాసే ఆయిల్ రికార్డ్ బుక్కుల అంతా సక్కగనే ఉంది.

మూడు వారాలకు ఆస్ట్రేలియా పోర్టు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన మేడం బుక్కు మీద పెద్దగ టైం పెట్టలేదు, కిందికి దిగి ఆ పైపుల దగ్గర గొంతు కూచుంది. చుట్టుపక్కల బోల్టులన్నిటికీ పాత పెయింటు, ఆ నాలుగింటి మూలలకు మాత్రం స్పానర్ గీతలు. విప్పుండ్రి అన్నది. లోపల వేలు పెట్టి తీస్తే నల్లగ జిడ్డు. ఓడ నాలుగు రోజులు ఆగింది. ఆర్నెల్లు రాని ఫిల్టర్లు మూడో రోజు విమానంల దిగినయ్!

అందుకే నా లెక్క ఇది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే 370 కిలోమీటర్లు దాటితే నీళ్లు ఏ దేశానివీ కావు, మొత్తం సముద్రంల మూడింట రెండొంతులకు దగ్గర అదే. అక్కడ ఓడ మీద పెత్తనం జెండా దేశానిది, అంటే ఓడ రిజిస్టరైన దేశానిది, జెండా పనామాదో లైబీరియాదో, ఓనరు ఇంకెక్కడో. కానీ ఎంత పెద్ద ఓడయినా రేవుకు రాకుండ బతకదు. దొంగ వేట పడవలు కూడ ట్రాకర్ బంద్ చేసి, నడిసముద్రంలనే సరుకు ఇంకో ఓడకు మార్చినా, ఆ చేపను ఎక్కడో ఒకకాడ దించాలె కదా. అమెరికాల అయితే మ్యాజిక్ పైప్ అసొంటి కేసుల సమాచారమిచ్చిన ఓడ పనోళ్లకు జరిమానాల సగం దాకా ఇయ్యొచ్చు, అది తెలిసినంక పెద్ద ఇంజినీర్లు వాళ్లతోటి ఎంత మర్యాదగ మాట్లాడతరో చూడాలె.

2023ల ఐక్యరాజ్యసమితిల హై సీస్ ఒప్పందం అయింది, మరుసటేడు మనోళ్లు సంతకం పెట్టిన్రు, 60 దేశాలు ఆమోదించినంక 2026 జనవరిల అమల్లకొచ్చింది. రక్షిత ప్రాంతాలు పెట్టుకోవచ్చంట, మంచిదే. అయితే వేటకు, ఓడలకు, గనులకు ముందే వేరే వేరే సంస్థలున్నయ్, వాటి పనికి అడ్డం రావొద్దని ఆ ఒప్పందంలనే రాసుకున్నరు. మరి బోల్టులు చూసేదెవరు?

ఒక్క గనుల కాడనే నా లెక్క తప్పుతది. హిందూ మహాసముద్రం నడుమ 75,000 చదరపు కిలోమీటర్ల మేర ఖనిజ ముద్దలు వెతకనీకి మన దేశానికి కాంట్రాక్టు ఉంది, అవి అయిదు కిలోమీటర్ల లోతుల ఉంటయ్, పది లక్షల ఏండ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతయ్. రేపు తవ్వుడు మొదలైతే రేవుకొచ్చేవి ముద్దలే, అడుగున లేచిన బురద అక్కడనే ఉంటది, ఆ మేడం వచ్చి ఎన్ని బోల్టులు విప్పినా కనవడది.