టెంటు తర్వాత, ముందు నిద్ర సంగతి తేల్చుకోండి

బండి ప్రశ్నలు – పాఠకుల ఉత్తరాలకు జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. నేను, నా దోస్తు ఇంటర్ నుంచి కలిసి తిరుగుతున్నాం. ఈసారి చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్ ట్రాక్ మీద జరిగే బైక్ రేసులకు శుక్రవారం పోయి ఆదివారం దాకా ఉండాలనుకున్నాం. లాడ్జి వద్దు, టెంట్ వేసుకుని ఉందామని ఇద్దరికీ ఉంది. గొడవంతా ప్రయాణం దగ్గరే. బండి మీదే పోదామని వాడు, రైల్లో పోదామని నేను. ఆదివారం రేసు కాగానే బయలుదేరితే సోమవారం పొద్దున డ్యూటీకి అందుకుంటామని వాడి లెక్క. నాకు భయంగా ఉంది. ఆ మాట చెబితే నన్ను తక్కువగా చూస్తాడేమోనని టెన్షన్. ఏం చేయమంటారు? టెంట్ గురించి కూడా చెప్పండి.
– పేరు రాయవద్దన్న పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, నీ భయంలో లెక్క ఉంది. రేసులు సాయంత్రం అయిదింటికి అయిపోయాయనుకో. అక్కడి నుంచి మన ఊరికి సుమారు 700 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా గంటకు 60 చొప్పున వచ్చినా దాదాపు పన్నెండు గంటలు పడుతుంది. అప్పటికే పొద్దున ఆరింటికి లేచి, పగలంతా ఎండలో నిలబడి ఉంటారు. మనిషి 17 గంటలు మెలకువగా ఉంటే కొంత మందు తాగినవాడిలాగే చేతులు, కళ్లు నెమ్మదిస్తాయని పరిశోధనల్లో తేలింది. మీకు ఆ 17 గంటలు రాత్రి పదకొండుకే నిండుతాయి. అప్పటికి మీరు ఇంకా ఒంగోలు దగ్గరే ఉంటారు.

ఒంగోలు పేరు ఊరికే రాయలేదు. 1998లో నేను, నా సోపతిగాడు ఆర్‌ఎక్స్ 100 మీద అదే ట్రాక్‌కు పోయాం. అప్పటికి పోచమ్మ మైదాన్ దగ్గర నా షెడ్డు పెట్టి రెండేళ్లు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. పాత రోజుల్లో షోలవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవని పెద్ద మెకానిక్‌లు చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నవాళ్లం. 1990లో శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది. దాన్ని చూడాల్సిందే అనుకున్నాం. ఒక హోటల్ యజమానిని అడిగి ఆయన వెనక స్థలంలో టార్పాలిన్ కట్టుకున్నాం. శనివారం రాత్రి వాన పడింది. మేం కట్టింది పల్లంలో. కింద నుంచి నీళ్లు పారితే తెల్లారేదాకా గొంతుక్కూర్చుని గడిపాం. ఆదివారం రేసు చూస్తున్నంతసేపు అలసట తెలియలేదు. ఆ శబ్దం, కాలిన ఆయిల్ వాసన, మలుపులో మోకాలు నేలకు తాకించే ఆ పిల్లలు! ఇప్పటికీ కళ్లముందే ఉంది.

సోమవారం పొద్దునకల్లా వస్తామని ఇంట్లో మాటిచ్చాం. అందుకని సాయంత్రం ఏడింటికి బండి ఎక్కాం. అప్పట్లో ఆ హైవే రెండు లైన్లే. నెల్లూరులో తిన్నాం, కావలిలో చాయ్ తాగాం. రాత్రి రెండు దాటింది, ఒంగోలు ఇంకా ఇరవై కిలోమీటర్లుంది. వాడు నడుపుతున్నాడు, నేను వెనక. నాకు కునుకు పడుతోంది. ఆపుదామని అనాలనిపించింది. వాడు హుషారుగా ఉన్నాడనుకుని ఊరుకున్నా. తర్వాత ఆసుపత్రిలో వాడు చెప్పాడు: కావలి నుంచే కళ్లు మూతలు పడుతున్నాయట. నేను వెనక మేలుకునే ఉన్నాననుకుని, చెబితే బాగుండదని ఆపలేదట. బండి మట్టి అంచు దిగి పొలం గట్టుకు కొట్టుకుంది. వాడి మెడ దగ్గరి ఎముక విరిగింది. నా అరచేతుల తోలు లేచిపోయింది. లారీ రాని టైం కాబట్టి ఈ జవాబు రాయగలుగుతున్నాను.

ఇప్పటికీ చలికాలం వాడు షెడ్డుకొచ్చి ఆ భుజం పట్టుకుని కూర్చుంటే నాకు ఆ రాత్రి అనకుండా మింగిన మాటే గుర్తొస్తుంది.

కాబట్టి తమ్ముడూ, టెంట్ కొనకముందే ఇద్దరూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకోండి. ‘నిద్రొస్తుంది’ అని ఇద్దరిలో ఎవరన్నా సరే, బండి ఆగాలి. ఎందుకని అడగొద్దు, నవ్వొద్దు. ఈ ఒక్క మాటకు వాడు ఒప్పుకోకపోతే వాడితో రేసుకు పోవద్దు. ఒప్పుకుంటాడు. నువ్వే ముందు చెప్పావని లోపల సంతోషిస్తాడు కూడా. చాయ్ తాగితే నిద్ర పోయినట్టుంటుంది గానీ కాసేపే. పెట్రోల్ బంకు లైట్ల కింద బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకుంటే చాయ్ కంటే మేలు. అది కూడా దగ్గరి లాడ్జి దాకా చేరడానికే. రాత్రి రెండు నుంచి తెల్లవారు ఆరు దాకా ఒళ్లు దానంతటదే నిద్రకు లాగుతుంది, ఆ వేళ హైవే మీద ఉండకండి.

ఆదివారం రాత్రి కూడా అక్కడే ఉండండి. సోమవారానికి సెలవు ముందే పెట్టుకోండి. సెలవు దొరకకపోతే శనివారం చూసి ఆదివారం పొద్దున బయలుదేరండి. ప్రధాన రేసులు పోతాయి, నిజమే. నాకూ మనసొప్పదు. అయినా అదే చేయండి.

నా ఓటు రైలుకే. వరంగల్‌లో రాత్రి ఎక్కితే పొద్దునకు చెన్నై. అక్కడి నుంచి పూనమల్లి మీదుగా శ్రీపెరంబుదూర్, కాంచీపురం వైపు బస్సులుంటాయి. ట్రాక్ బెంగళూరు హైవే పక్కనే, చెన్నైకి సుమారు 40 కిలోమీటర్లు. వాడికి అక్కడ బండి కావాల్సిందే అంటే బండిని కూడా రైల్లో పంపొచ్చు. ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా తీసేయాలి, గోనెసంచులతో కట్టించాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు ఇవ్వాలి. అన్ని రైళ్లకూ కుదరదు, అందుకని ముందే స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసుకు పోయి అడుగు.

ఇక టెంట్. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ అని వినే ఉంటావు. బ్రిటన్ పక్కన ఒక దీవిలో 1907లో మొదలైన బైకుల రేసు. ఇప్పుడు వాడే దారి ఒక్క చుట్టు 60 కిలోమీటర్లు, అంతా ఊళ్ల మధ్య మామూలు రోడ్డే. అక్కడ జనం పొలాల్లో, మైదానాల్లో టెంట్లు వేసుకుని రోజుల తరబడి ఉంటారు. ఫ్రాన్స్‌లో లెమాన్‌లో బైకుల రేసు 24 గంటలు నడుస్తుంది, రాత్రంతా ఇంజన్ల మోత వింటూ టెంట్లలోనే ఉంటారు. అక్కడ అది ఆనవాయితీ. మన దగ్గర టికెట్ ఉంటే చాలు, లోపల పడుకోనిస్తారని అనుకోవద్దు. టికెట్ తీసుకునే ముందే నిర్వాహకులకు ఫోన్ చేసి సూటిగా అడుగు: రాత్రి ఉండనిస్తారా, ఎక్కడ, మరుగుదొడ్డి ఉందా, నీళ్లున్నాయా. కుదరదంటే బయట ఎవరి స్థలంలోనైనా వాళ్ల అనుమతితో, నలుగురూ తిరిగే చోటు పక్కన వేసుకోండి. హైవే పక్కన ఖాళీ కనిపించింది కదా అని దిగొద్దు. ఆ చుట్టుపక్కలన్నీ ఫ్యాక్టరీలు, రాత్రంతా లారీలే.

మేడారం జాతరకు పోయిన ఇంటి పిల్లవాడివైతే నీకు సగం విద్య వచ్చినట్టే. మా తాత ఎడ్లబండి విప్పే ముందు నేల చూసేవాడు. వాగు ఇసుక మెత్తగా ఉందని అక్కడ వేయనిచ్చేవాడు కాదు, కొంచెం మెరక మీదే గుడారం. తర్వాత మమ్మల్నందరినీ ఒక చెట్టు దగ్గరికి తీసుకుపోయి ‘తప్పిపోతే ఎక్కడికీ ఉరకొద్దు, ఇక్కడికొచ్చి నిలబడండి’ అని చెప్పేవాడు. రేసు దగ్గర కూడా జనం పెరిగితే ఫోన్లు కలవవు. ఇద్దరూ ఒక చోటు అనుకోండి, ఒక టైం అనుకోండి.

చెన్నైలో ఆగస్టు, సెప్టెంబర్ సాయంత్రాలు ఉరుములతో వాన కొట్టడం మామూలే. టెంట్ కింద పరిచే పట్టా టెంట్ కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. అంచులు బయటికొస్తే వాన నీళ్లన్నీ దాని మీద పడి మీ వీపు కిందికే చేరతాయి. పోయే ముందు మీ డాబా మీద ఒకసారి టెంట్ వేసి పైనుంచి నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించండి. కారితే ఇక్కడే తెలియాలి. ఆ రాత్రి ఇద్దరూ అందులోనే పడుకోండి. ఎవరు గురక పెడతారో, ఎవరికి గాలాడదో కూడా తెలుస్తుంది.

జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి. కట్లపాము రాత్రే తిరుగుతుంది, ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి చాలామందికి తెలియదు. ఏ మాత్రం అనుమానం వచ్చినా తెల్లారనీ అని ఆగొద్దు, మంత్రం జోలికి పోవద్దు, 108కి ఫోన్ చేయండి, తమిళనాడులోనూ అదే నంబర్. బూట్లు దులిపి తొడుక్కోండి. టెంట్ లోపల స్టవ్ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు. బాటిల్‌లో పెట్రోల్ పెట్టుకుని దాని పక్కన పడుకునేవాళ్లను కూడా చూశాను. ఆ పని అసలు చేయొద్దు.

తిండికి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. సకినాలు వారమైనా ఉంటాయి, సర్వపిండి మొదటి రోజుకు సరిపోతుంది. నీళ్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. 2023 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ అనే ప్రపంచ స్థాయి బైకుల రేసు జరిగినప్పుడు వేడికి ప్రధాన రేసును 24 చుట్ల నుంచి 21కి తగ్గించారు. ఇటలీ రైడర్ మార్కో బెజ్జెక్కి గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన హోర్హె మార్టిన్ ఒంట్లో నీళ్లు తగ్గి రేసు కాగానే సొమ్మసిల్లిపోయాడు. ఏళ్ల తరబడి ఒళ్లు వంచి సాధన చేసినవాడి గతే అది. మీరు టోపీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మరిచిపోవద్దు.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. వాళ్ల మామయ్య బైక్ రేసుకు తీసుకుపోతానంటున్నాడు. ఆ మోతకు చెవులకేమన్నా అవుతుందా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అవుతుంది చెల్లెమ్మా, జాగ్రత్త తీసుకోకపోతే. 85 డెసిబెల్స్ మోతను రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చంటారు. ఆపై ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ టైం సగానికి తగ్గుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. అది కూడా పెద్దవాళ్ల లెక్క. రేసు బండి దగ్గరగా పోతే 100 దాటుతుంది. పాపకు చెవులు మొత్తం కప్పే ఇయర్ మఫ్స్ కొనండి, దూది సరిపోదు. ఇంట్లో ఒకరోజు పెట్టి అలవాటు చేయండి, లేకపోతే అక్కడ తీసి పారేస్తుంది. నేను ముప్పై ఏళ్లు సైలెన్సర్లు విప్పి ఇంజన్లు విన్నవాణ్ని. నా ఎడమ చెవికి ఇప్పుడు పిచ్చుకల అరుపు వినపడదు.

ప్రశ్న: మా అబ్బాయికి 22. స్నేహితుడితో కలిసి రేసులకు పోయి టెంట్‌లో ఉంటాడట. వాళ్ల నాన్న వద్దనే అంటున్నాడు. నాకు వాడిని ఆపాలనీ లేదు, పంపాలనీ లేదు. ఏం చెప్పాలి?
– ఒక అమ్మ, పరకాల

జవాబు: అక్కా, వద్దన్న ఇళ్ల పిల్లలు నా షెడ్డుకే వస్తారు. ‘అన్నా, సర్వీసింగ్ చెయ్, మా నాన్నకు చెప్పకు’ అంటారు. చెప్పకుండా పోయినవాడికి దారిలో ఏమన్నా అయితే మొదట మీకు ఫోన్ చేయడు. అందుకే పంపండి, మాట తీసుకుని పంపండి. వెనక కూర్చునేవాడికి కూడా ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఉందో లేదో మీ చేత్తో పట్టుకుని చూడండి. వాడి స్నేహితుడి అమ్మ నంబర్ తీసుకోండి. గంట గంటకూ మీరు ఫోన్ చేయొద్దు, నడిపేటప్పుడు జేబులో ఫోన్ మోగితే చెయ్యి అటు పోతుంది. బండి ఆపిన ప్రతిచోటా వాడినే చేయమనండి.

ఇంకో సంగతి మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. రేసు చూసి వచ్చిన కుర్రాళ్లకు వారం దాకా చెయ్యి యాక్సిలేటర్ మీద నిలవదు. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు పోతారు. పెద్ద రేసుల్లో టైర్లకు కరెంటుతో వేడెక్కే దుప్పట్లు చుట్టి, ముందే వేడి చేసి దిగుతారు. జారి పడితే మలుపు బయట కంకర పరిచి ఉంటుంది, జెండా ఊపే మనిషి ఉంటాడు, అంబులెన్స్ స్టార్టింగ్‌లో ఉంటుంది. పరకాల రోడ్డు మలుపు బయట చింతచెట్టు ఉంటుంది, ఎదురుగా ఇసుక లారీ ఉంటుంది.

అక్కా, చివరగా మీ చేతిలో ఉన్నదొకటి చెబుతాను. పైన నా కథ చదివే ఉంటారు. ఆ రాత్రి మేం ఆగకపోవడానికి ఒక కారణం ఇంట్లో ఇచ్చిన మాట. పొద్దునకల్లా రాకపోతే అమ్మ ఏమంటుందోనని ఇద్దరం అదే అనుకుంటూ నడిపాం. మీ వాడు బయలుదేరేటప్పుడు ‘ఎప్పుడొస్తావు’ అని అడగకండి. సోమవారం సాయంత్రమైనా ఏమీ అననని, నిద్రొస్తే ఎక్కడైనా పడుకుని రమ్మని మీరే చెప్పండి. వాళ్ల నాన్నతో కూడా అదే మాట చెప్పించండి.