ఏ జన్యువు, ఏ మెట్టు మీద, ఎవరి ఒంట్లో

తమ్మీ,

మగవారి సంతానలేమి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. "సంతానాన్నిచ్చే జన్యువు దొరికింది" అన్న మొదటి వాక్యం కొట్టెయ్. అట్లాంటి జన్యువు ఒక్కటంటూ లేదు. ఏ జన్యువు గురించి రాసినా అది వీర్యకణం తయారీలో ఏ మెట్టు మీద పనిచేస్తుందో, చూసింది ఎలుకలోనో మనిషిలోనో వెంటనే చెప్పు.

మొదటి మెట్టు మూలకణం. వృషణంలోని సన్నని నాళాల గోడ వెంబడి ఉంటుంది. విభజన జరిగినప్పుడల్లా కొన్ని కణాలు మూలకణాలుగానే మిగలాలి, కొన్ని వీర్యకణాలయ్యే దారి పట్టాలి. ఈ తూకం చాలావరకు పక్కనుండి వాటిని పోషించే సెర్టోలి కణాల చేతిలో ఉంది. అవి జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ వదులుతాయి, మూలకణం మీది జీఎఫ్ఆర్ఏ1, రెట్ గ్రాహకాలు దాన్ని అందుకుంటాయి. 2000లో ఎలుకల్లో తేలిందేమంటే, జీడీఎన్ఎఫ్ తగ్గితే మూలకణాలు కరిగిపోతాయి, ఎక్కువైతే మారకుండా కుప్పపడతాయి. నువ్వు మొదటి సగం రాసి రెండోది వదిలేశావు. అసలు సంగతి అందులోనే ఉంది.

మూలకణాలను నిలిపి ఉంచే పీఎల్‌జెడ్‌ఎఫ్ జన్యువుకు ఇంకో నాలుగు వాక్యాలివ్వు. అది లేని ఎలుకల్లో మొదట్లో వీర్యకణాలు తయారవుతాయి, వయసు మీద పడేకొద్దీ నాళాలు ఖాళీ అవుతాయి. విత్తనానికి ఉంచుకోకుండా వడ్లన్నీ మిల్లుకు తోలినట్టు. తర్వాతి మెట్లు క్లుప్తంగా చాలు: విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం మారమని చెబుతుంది, స్ట్రా8 జన్యువు క్షయకరణ విభజనకు, అంటే క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజనకు, సిద్ధం చేస్తుంది. చదివినవాళ్లు విటమిన్ మాత్రల కోసం మెడికల్ షాపుకు పరుగెత్తకుండా రాయి.

మనుషుల దగ్గరికొస్తే వై క్రోమోజోమ్‌లో వీర్యకణాల తయారీకి కావలసిన జన్యువులుండే ఏజెడ్‌ఎఫ్ ప్రాంతం ముఖ్యం. అందులో ఎ లేదా బి భాగం పూర్తిగా పోతే వృషణంలో వెతికినా వీర్యకణాలు దొరకడం చాలా అరుదు. డాజ్ జన్యువులుండే సి భాగం పోయినవారిలో కొందరికి సూక్ష్మదర్శినితో చేసే ఆపరేషన్‌లో దొరుకుతాయి. అయితే ఇక్సీతో, అంటే వీర్యకణాన్ని ల్యాబులో నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతితో, కొడుకు పుడితే అతనికీ ఆ లోపం వస్తుంది. చికిత్సకు ముందే దంపతులకు తెలియాల్సిన మాట ఇది, దాన్ని చివరి పేరాలో దాచకు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం మన దేశపు మగవారిలో ఈ లోపాల మీద పనిచేసింది. ఎలుకల పేరాలు కుదించి దానికి చోటివ్వు.

నల్లగొండ అనగానే ఫ్లోరైడ్‌నీ, ఎండనూ జన్యువుల పేరాలోకి లాగావు. ఆ రెండు వాక్యాలూ తీసెయ్. వృషణాలు ఒంటి వేడి కన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలన్నది నిజమే. ఊరి ఎండను నేరుగా దానికి ముడిపెట్టలేం. తీవ్రమైన జ్వరం మాత్రం దెబ్బతీస్తుంది. మూలకణం నుంచి వీర్యకణం దాకా సుమారు 74 రోజులు పడుతుంది గనుక ఆ దెబ్బ రెండు మూడు నెలలు రిపోర్టులో కనిపించొచ్చు.

వీర్య పరీక్ష సంగతి లెక్కతో రాయి. సంయోగానికి 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండాలి. నమూనా ల్యాబులోనే ఇవ్వడం మేలు, మహబూబ్‌నగర్ నుంచి బస్సులో హైదరాబాద్‌కు పట్టుకెళ్లేది కాదు. 2021 డబ్ల్యూహెచ్‌ఓ పుస్తకంలో వీర్యకణాల సంఖ్యకు కింది హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్లు. అంతకన్నా తక్కువొస్తే పిల్లలు పుట్టరని కాదు, ఒక్క రిపోర్టుతో తీర్పూ ఇవ్వరు, మళ్లీ చేయిస్తారు. అసలే లేకపోయినా, 50 లక్షల లోపున్నా అప్పుడు కేరియోటైప్ (క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసేది), వై లోపాల పరీక్షలు రాస్తారు.